మియాపూర్‌లో ఎక్కిన రైలు ఒక్కవైపే వెళ్తుంది

ప్రశ్న: నా వయసు 61. మావారు పోయాక, రెండేళ్ల కిందట తెనాలి నుంచి హైదరాబాద్‌లో అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. మియాపూర్‌లో ఉంటాం. అబ్బాయి, కోడలు పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి ఎనిమిదికి గానీ రారు. మా చెల్లెలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటుంది. ఒకే ఊళ్లో ఉండి కూడా ఈ రెండేళ్లలో మేం చూసుకున్నది నాలుగుసార్లు. అబ్బాయి క్యాబ్ బుక్ చేస్తానంటాడు గానీ, దానికయ్యే డబ్బు చూస్తే నాకు మనసొప్పదు. ఒకసారి ధైర్యం చేసి మియాపూర్ చౌరస్తాలో 218 బస్సు ఎక్కాను. అది పటాన్‌చెరు తీసుకెళ్లింది. అబ్బాయి ఆఫీసు వదిలి బండి మీద వచ్చి నన్ను తీసుకెళ్లాడు. ఒక్క మాట అనలేదు, అయినా నాకే తల కొట్టేసినట్టయింది. ఆ బస్సులోనే కండక్టర్ నా ఆధార్ చూసి ‘ఇది ఆంధ్రాది కదమ్మా, టికెట్ తీసుకోవాలె’ అంటే బస్సంతా నావైపే చూసినట్టనిపించింది. నేను తెలుగు బాగా చదువుతాను, ఇంగ్లిష్ రాదు. మోకాళ్ల నొప్పులున్నాయి. తెనాలిలో గుంటూరు బస్సు వెంట పరిగెత్తి ఎక్కిన మనిషిని నేను. ఇక్కడ అపార్ట్‌మెంట్ గేటు దాటాలంటే గుండె దడ. ఈ ఊళ్లో ఒక్కదాన్నీ తిరగగలనంటారా?
– మియాపూర్ నుంచి ఒక సోదరి

సమాధానం:

అక్కయ్య గారూ,

తిరగగలరు. కానీ ముందు ఆ పటాన్‌చెరు సంగతి తేల్చుకుందాం. మీ భయమంతా అక్కడే చిక్కుకుని ఉంది.

మీరు ఎక్కిన నంబరు తప్పు కాదు. 218 అనేది పటాన్‌చెరుకీ కోఠికీ మధ్య తిరిగే బస్సు. అటు వెళ్లేదానికీ ఇటు వచ్చేదానికీ నంబరు ఒకటే. మీరు రోడ్డుకు ఏ పక్క నిలబడ్డారన్నదాన్ని బట్టి కోఠి వస్తుందో పటాన్‌చెరు వస్తుందో ఉంటుంది. మీరు ఆరోజు అవతలి పక్క నిలబడ్డారు, అంతే. తెనాలి బస్టాండులో ఈ ఇబ్బంది ఉండదు. గుంటూరు బస్సు గుంటూరు ప్లాట్‌ఫాం మీదే ఆగుతుంది, కాబట్టి బోర్డు చూసి ఎక్కడం మనకు అలవాటు. ఇక్కడ బస్టాపు అంటే రోడ్డు పక్కన ఒక షెడ్డు, ఒక్కోచోట అదీ ఉండదు. నంబరు చూసి పరిగెత్తే ఊరు ఇది. బోర్డు మీద ఊరి పేరు చదివేలోపే బస్సు కదిలిపోతుంది.

నాకూ ఇలాగే అయింది. కొత్తగా పెళ్లై ఖమ్మం నుంచి వచ్చిన రోజుల్లో, సికింద్రాబాద్‌లో మెహిదీపట్నం అని బోర్డు చూసి 49ఎం ఎక్కేశాను. నేను దిగాల్సింది లక్డీకాపూల్‌లో. పక్కింటావిడ ‘మెహిదీపట్నం బస్సెక్కు, దారిలోనే’ అని చెప్పింది. ఆవిడ మనసులో ఉన్నది 5కె. రెండూ బయల్దేరేది సికింద్రాబాద్‌లోనే, రెండూ చేరేది మెహిదీపట్నమే. కానీ 5కె ట్యాంక్‌బండ్, లక్డీకాపూల్ మీదుగా వెళ్తే, 49ఎం బేగంపేట, పంజాగుట్ట మీదుగా వెళ్తుంది. రాని లక్డీకాపూల్ కోసం కిటికీలోంచి చూస్తూ మెహిదీపట్నం దాకా వెళ్లి, అక్కడ బస్టాపులో నిలబడి ఏడ్చాను. ఒక పూలమ్మే ఆవిడ నన్ను తీసుకెళ్లి సరైన బస్సు ఎక్కించింది. మూరెడు మల్లెపూలు చేతిలో పెట్టి డబ్బులు వద్దంది. ఆవిడ పేరు అడగాలని కూడా నాకు తోచలేదు. ఇప్పటికీ అటు వెళ్తే ఆ మూల వైపు చూస్తాను.

అందుకే, మీకు ముందు బస్సు వద్దంటాను. బస్సు తర్వాత నేర్చుకుందురు గానీ. మీరున్న చోటుకీ, మీ చెల్లెలున్న చోటుకీ మధ్య దారి తప్పడానికి వీల్లేని దారి ఒకటి ఉంది. అది మెట్రో రైలు.

హైదరాబాద్‌లో మెట్రో 2017 నవంబర్‌లో మొదలైంది. ఇప్పుడు మూడు లైన్లున్నాయి. మీకు కావాల్సింది ఎర్ర గీత, అంటే మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా వెళ్లేది. దానిమీద 27 స్టేషన్లుంటే మియాపూర్ మొదటిది, దిల్‌సుఖ్‌నగర్ 24వది. మధ్యలో రైలు మారే పని లేదు. ఇంకా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మియాపూర్ ఈ గీతకు ఒక కొస. అక్కడ ఎక్కిన రైలు ఎల్బీనగర్ వైపు తప్ప ఇంకో వైపు వెళ్లలేదు. మీరు అడగకుండా, బోర్డు చదవకుండా, కళ్లు మూసుకుని ఎక్కినా అది మీ చెల్లెలి ఇంటివైపే వెళ్తుంది. ఈ ఊళ్లో లక్షలమందికి లేని వసతి మీ ఇంటి ముందుంది.

ఇప్పుడు మోకాళ్లు. స్టేషన్లకు లిఫ్టులూ, ఎస్కలేటర్లూ ఉన్నాయి. రోడ్డు మీదనుంచి చూస్తే మెట్లే పెద్దగా కనిపిస్తాయి, లిఫ్టు కాస్త పక్కకు, అద్దాల పెట్టెలా ఉంటుంది. కనపడకపోతే అక్కడున్న సెక్యూరిటీ వాళ్లను ‘లిఫ్టు ఎక్కడ బాబూ’ అనడిగితే చూపిస్తారు. లిఫ్టు మిమ్మల్ని ముందు మధ్య అంతస్తులో దింపుతుంది. టికెట్ కౌంటరు అక్కడే. ‘దిల్‌సుఖ్‌నగర్ ఒకటి’ అంటే చాలు, తెలుగులోనే మాట్లాడతారు. 2025 మేలో చార్జీలు పెంచిన తర్వాత కూడా అతి ఎక్కువ టికెట్ 69 రూపాయలు, కాబట్టి మీకు అంతకు మించదు. క్యాబ్‌కు అయ్యేదాంతో పోల్చి చూసుకోండి. బ్యాగు తనిఖీ అయ్యాక, గేటు దగ్గర టికెట్ చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది. ఆ టికెట్ పారేయకండి. దిగాక బయటికి రావడానికీ అదే కావాలి. చాలామంది మొదటిసారి అక్కడే ఇబ్బంది పడతారు, చీర కొంగులో వెతుక్కుంటూ గేటు దగ్గర నిలబడిపోతారు. పర్సులో ఒకే అర దానికి కేటాయించండి.

రైలు లోపల ప్రతి స్టేషన్ పేరూ తెలుగులో కూడా చెబుతారు, తలుపులు ఏ వైపు తెరుచుకుంటాయో కూడా చెబుతారు. బోర్డుల మీద తెలుగు ఉంటుంది. ఇంగ్లిష్ రాదన్న బెంగ ఇక్కడ అక్కర్లేదు.

అయినా ముప్పావు గంట పైగా ప్రయాణం, 23 స్టేషన్లు. కాబట్టి నేను చేసే పని మీరూ చేయండి. ఒక చిన్న కాగితం మీద మీ చేత్తో ఇలా రాసుకోండి:

ఎక్కేది మియాపూర్. దిగేది దిల్‌సుఖ్‌నగర్.
అమీర్‌పేట: చాలామంది దిగుతారు. నేను దిగను.
ఎంజీబీఎస్: ఇంకా నాలుగు.
మూసారాంబాగ్: లేచి నిలబడాలి.

ఆ రెండో వరుస ఎందుకు రాయమన్నానంటే, అమీర్‌పేటలో ఎర్ర గీత, నీలం గీత కలుస్తాయి. హైటెక్ సిటీ, రాయదుర్గం వెళ్లేవాళ్లూ, నాగోల్ వైపు వెళ్లేవాళ్లూ అక్కడే దిగి ఇంకో అంతస్తుకు మారతారు. ఒక్కసారిగా పెట్టె ఖాళీ అయినట్టవుతుంది. ‘అందరూ దిగుతున్నారే, నేనూ దిగాలేమో’ అని గాభరా పుడుతుంది. అప్పుడు కాగితం తీసి చూసుకోండి. ఎంజీబీఎస్ అంటే పెద్ద బస్టాండు, దాని దగ్గర కూడా కొందరు దిగుతారు, అక్కడ మూడో లైను కలుస్తుంది. మూసీ నది కనిపించిందంటే మీరు పాత మలక్‌పేట వైపు వచ్చేశారని గుర్తు. తర్వాత మలక్‌పేట, న్యూ మార్కెట్, మూసారాంబాగ్, ఆపైన మీది.

ఒకవేళ దిల్‌సుఖ్‌నగర్ దాటిపోయిందే అనుకోండి. ఆ తర్వాత మిగిలేవి మూడే స్టేషన్లు. చైతన్యపురిలో దిగి, లిఫ్టులో కిందికి వచ్చి, అవతలి ప్లాట్‌ఫాం మీద మియాపూర్ రైలు ఎక్కితే ఒక్క స్టేషనే వెనక్కి. టికెట్‌లో తేడా ఏమైనా ఉంటే బయటికొచ్చేటప్పుడు కౌంటర్‌లో కట్టించుకుంటారు. అంతకంటే ఏమీ కాదు. పటాన్‌చెరులా అబ్బాయి రావాల్సిన అవసరం పడదు.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. పొద్దున తొమ్మిది నుంచి పదిన్నర దాకా, సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా ఆఫీసుల జనం. మన రైళ్లకు ఉన్నవి మూడే పెట్టెలు, అప్పుడు కాలు మోపడానికి చోటు దొరకదు. మీరు పదకొండుకు బయల్దేరండి, చెల్లెలి చేతి భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, మూడున్నరకల్లా తిరుగు రైలెక్కండి. మియాపూర్ మొదటి స్టేషన్ కాబట్టి వెళ్లేటప్పుడు కూర్చోవడానికి సీటు దాదాపు ఖాయం. వచ్చేటప్పుడు నిలబడాల్సి వస్తే పెద్దవాళ్ల సీట్ల దగ్గరికి వెళ్లి అడగండి. మొహమాటపడకండి. ఈ ఊళ్లో కుర్రాళ్లు ఫోనులోంచి తల ఎత్తరు గానీ, అడిగితే లేస్తారు.

రోడ్డు దాటడం గురించి కూడా ఒక మాట. మియాపూర్ దగ్గర ఆ హైవే దాటడం నాకే భయం. కింద దాటకండి. స్టేషన్‌కు రెండు పక్కలా దారులుంటాయి కాబట్టి, ఒక పక్క లిఫ్టులో ఎక్కి మధ్య అంతస్తు మీదుగా నడిచి రెండో పక్క దిగొచ్చు. రోడ్డు దాటడానికే అయితే టికెట్ అక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాక కూడా మీ చెల్లెలి ఇల్లు ఏ పక్కనో ముందే అడిగి, ఆ పక్క దారిలోనే దిగండి.

ఇక ఉచిత బస్సు విషయం. కండక్టర్ చెప్పింది నిజమే, ఆయన మిమ్మల్ని చిన్నబుచ్చాలని చెప్పింది కాదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం ఈ రాష్ట్రంలో చిరునామా ఉన్న ఆడవాళ్లకే. సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు సున్నా టికెట్ ఇస్తారు. మెట్రో డీలక్స్‌లో లేదు. ఈ ‘మెట్రో’ అన్న మాట కొత్తవాళ్లను బాగా తికమక పెడుతుంది. బస్టాపులో ఎవరైనా ‘మెట్రోలో ఫ్రీ’ అంటే ఆ బస్సు గురించి అన్నట్టు, రైలు గురించి కాదు. రైల్లో ఎవరికైనా టికెట్టే.

మరి ఆధార్ మార్పించుకోవాలా? పిల్లలు తమ చిరునామాను అమ్మానాన్నల ఆధార్‌కు ఇచ్చే వీలుంది. కుటుంబ పెద్దగా మీ అబ్బాయి ఆన్‌లైన్‌లో ఒప్పుకుంటే మీ చిరునామా మారుతుంది. కానీ తొందరపడకండి. మీకు ఆంధ్రాలో పింఛను గానీ రేషన్ కార్డు గానీ ఉంటే, చిరునామా మార్చే ముందు వాటికి ఏమవుతుందో మీ వార్డు సచివాలయంలో కనుక్కోండి. బస్సు టికెట్ డబ్బుల కోసం నెలనెలా వచ్చే పింఛను పోగొట్టుకున్నవాళ్లలో మీరు చేరకూడదు. పైగా 2025 ఆగస్టు 15 నుంచి అక్కడా స్త్రీశక్తి పేరుతో ఆడవాళ్లకు ఉచిత బస్సు ఉంది. మీ పాత ఆధార్ తెనాలి వెళ్లినప్పుడు పనికొస్తుంది. నన్నడిగితే, పింఛను ఉంటే ఆధార్ జోలికి వెళ్లకండి, ఇక్కడ టికెట్ కొనుక్కోండి. టికెట్ కొనుక్కుని ప్రయాణం చేయడంలో చిన్నతనమేముంది? ఆ బస్సులో మగవాళ్లంతా కొన్నారు.

బస్సు నేర్చుకోవాలనిపించినప్పుడు ఎక్కే ముందు నంబరు చూడండి, ఆ తర్వాత నోరు తెరిచి అడగండి. ‘కూకట్‌పల్లి పోతుందా?’ అంటే చాలు. ఇక్కడి మాట మీ చెవికి కాస్త కరుకుగా వినిపిస్తుంది, నాకు తెలుసు. ‘ఇటు పోదమ్మా, అటు దిక్కు నిలబడు’ అంటే కసురుకున్నట్టుంటుంది. అది కసురు కాదు, దారి చెప్పడమే. మీరు సెంటర్ అనేదాన్ని వీళ్లు చౌరస్తా అంటారు, మీరు ఉత్తరంలో అప్పుడే ఆ మాట వాడేశారు కూడా. ముందు తలుపు ఆడవాళ్లది, ముందు సీట్లూ మనవే. నంబరు పక్కన అక్షరాన్ని వదిలేయకండి. 10 వేరు, 10హెచ్ వేరు, ఆ ఒక్క అక్షరం మారితే బస్సు చేరే ఊరే మారిపోతుంది. అబ్బాయి ఫోనులో ‘గమ్యం’ అనే ఆర్టీసీ యాప్ పెట్టిస్తే బస్సు ఎక్కడుందో చూపిస్తుంది, అది ఎండలో నిలబడే బాధ కొంత తగ్గిస్తుంది. మొదటి బస్సు ప్రయాణం కూకట్‌పల్లి దాకానే చేయండి, కూరగాయలు కొనుక్కుని తిరిగి రండి.

ఎంఎంటీఎస్ అనే లోకల్ రైలు గురించి కూడా మీకు ఎవరో చెప్పే ఉంటారు. 2003 నుంచి నడుస్తోంది, హఫీజ్‌పేట స్టేషన్ మీకు దగ్గరే, చాలా చవక. కానీ మెట్రోలా నిమిషాల మీద రాదు, మెట్ల వంతెనలు ఎక్కి దిగాలి. మీ మోకాళ్లకు ఇప్పుడే వద్దు.

క్యాబ్‌ని మాత్రం పూర్తిగా కాదనకండి. చీకటి పడ్డాక, వాన పడేటప్పుడు, చేతిలో సామాను ఉన్నప్పుడు అదే మేలు. ముఖ్యంగా తెనాలి వెళ్లేటప్పుడు. టికెట్ మీద రైలు ఏ స్టేషన్ నుంచి బయల్దేరుతుందో కచ్చితంగా చదివించుకోండి. చర్లపల్లిలో కొత్త టెర్మినల్ 2025 జనవరిలో ప్రారంభమైంది. కొన్ని రైళ్లు ఇప్పుడు సికింద్రాబాద్‌లో కాక అక్కడి నుంచి కదులుతున్నాయి. అది మియాపూర్‌కు ఊరి ఆ చివర. అబ్బాయి ఆఫీసు నుంచే మీకు క్యాబో ఆటోనో బుక్ చేయొచ్చు. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది రెండే. బండి నంబరు చివరి నాలుగు అంకెలు మీకు వచ్చినవాటితో సరిపోయాకే ఎక్కండి, ఎక్కాకే ఓటీపీ చెప్పండి.

మీ అబ్బాయికి కూడా నాలుగు మాటలు రాస్తాను, ఇది అతనికి చదివి వినిపించండి.

బాబూ, అమ్మ పటాన్‌చెరులో తప్పిపోతే ఆఫీసు వదిలి పరిగెత్తావు, ఒక్క మాట అనలేదు. మంచి కొడుకువి. కానీ ‘నేను క్యాబ్ బుక్ చేస్తా కదమ్మా’ అన్న ప్రతిసారీ, వెళ్లడానికి అమ్మ నిన్ను అడగాల్సి వస్తోంది. నీకు ఖాళీ ఉన్నప్పుడు, నీ డబ్బుతో, నువ్వు అనుకున్న వేళకు. మీ నాన్న పోయాక ఆవిడ ఇల్లు, వీధి, కాలువ గట్టు, పలకరించే మనుషులు, అన్నీ వదిలి నీ దగ్గరికి వచ్చింది. ఎవరినీ అడగకుండా చెల్లెలింటికి వెళ్లి రావడం ఆవిడకు ఎంత పెద్ద సంగతో ఊహించు. ఒక్క ఆదివారం ఆవిడతో మెట్రో ఎక్కు. కానీ నువ్వు టికెట్ కొనకు, లిఫ్టు బటన్ నొక్కకు, ‘అమ్మా ఇటు’ అనకు. రెండడుగులు వెనక నడువు. ఆవిడ తప్పుగా వెళ్తే కూడా ఒక నిమిషం ఆగు, తనే సరిదిద్దుకుంటుంది. ఆవిడ ఫోనులో వాట్సాప్ లైవ్ లొకేషన్ ఎలా పెట్టాలో నేర్పు. ఆమె ఒంటరిగా వెళ్లిన రోజు నువ్వు ఆఫీసులో కూర్చుని ఆ నీలం చుక్క కదలడం చూసుకో. గంటకోసారి ఫోన్ మాత్రం చేయకు.

అక్కయ్య గారూ, ఈ ఒక్క గీత మీకు అలవాటైతే దానిమీదే మీకు సగం హైదరాబాద్ దొరుకుతుంది. మోకాళ్లు నిమ్స్‌లో చూపించుకోవాలంటే పంజాగుట్టలో దిగండి. కోఠి బజారుకు ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్. జనవరి ఒకటిన నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలవుతుంది, గాంధీభవన్ స్టేషన్ దానికి దగ్గర. అక్కాచెల్లెళ్లిద్దరూ అక్కడే కలుసుకోవచ్చు, ఆవిడ అటునుంచీ మీరు ఇటునుంచీ.

వచ్చే వారంలో ఒక మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. ఆదివారం అబ్బాయితో ఒకసారి వెళ్లొచ్చాక, ఒక్కరే వెళ్లండి. చెల్లెల్ని మొదటిసారి స్టేషన్ కింద లిఫ్టు దగ్గర నిలబడమనండి. చేతిలో మరీ బరువు వద్దు, ఒక డబ్బాలో పచ్చడి చాలు. సాయంత్రం ఆవిడ మిమ్మల్ని స్టేషన్‌లోకి తీసుకొచ్చి ‘మియాపూర్ వైపు’ అని రాసున్న దారి చూపిస్తే అక్కడితో ఆవిడ పని అయిపోయింది. తిరుగు ప్రయాణానికి మీకు కాగితం కూడా అక్కర్లేదు. చల్లగా ఏసీ ఉంటుంది, కడుపునిండా తిని ఉంటారు, కునుకు పడితే పడనివ్వండి. మియాపూర్ చివరి స్టేషన్. రైలు అక్కడ ఆగిపోతుంది, అందరూ దిగుతారు. మీరు లేవకపోతే పక్కనున్నవాళ్లే లేపుతారు.